మూలలు కొంచెం సాఫ్ట్

మొన్న గురువుగారి అబ్బాయి ఫోన్ చేశాడు. "అంకుల్, నాన్నగారి బ్యాగులు సర్దుతున్నాం, వాటిల్లో గొట్టాల్లాంటివి చాలా ఉన్నాయి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో మాకు తెలీట్లేదు, ఒకసారి వచ్చి చూసి పెడతారా" అని. గొట్టాలట. ఆయనే వినుంటే ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఒక్కో గొట్టం గురించి పూటంతా చెప్పుండేవారు.

వెళ్ళాను. బ్యాగు జిప్పు లాగగానే గుప్పుమని ఆ వాసన. పాత తోలు కేసులు, లెన్సు లోపలి గ్రీజు, ఎప్పుడో పనిచెయ్యడం మానేసిన సిలికాజెల్ పొట్లాలు, కాస్త బూజు, అన్నీ కలిసిన వాసన, ఇంకెక్కడా రాదు అది. అబ్బాయి పక్కన నిలబడి ఏదో అడుగుతున్నాడు గానీ నా చెయ్యి అప్పటికే ఒక లెన్సు తీసి ముందు మూతా వెనక మూతా ఊడదీసి, అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) మొత్తం తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి కొట్టి లోపల ఫంగస్ దారాలు ఉన్నాయేమో అని చూసేస్తోంది. ఎవరింటికి ఎందుకొచ్చామో కూడా మర్చిపోయి. అలవాటు అంత పాతది మరి.

నాకు ఈ లెన్సుల పిచ్చి అంటించింది ఆయనే.

*

ఆఫీసులో నాకంటే చాలా సీనియర్. ఫోటోల మీద ఇంట్రెస్ట్ ఉన్న మా నలుగురైదుగురికి ఆయన గురువుగారు, మిగతా ఆఫీసుకి కెమెరా సారు. ఆయన దగ్గర పెంటాక్స్ స్పాట్‌మాటిక్ ఉండేది, దానికి 55 మిల్లీమీటర్ల టాకుమార్ (పెంటాక్స్ వాళ్ళ లెన్సుల పేరు అది), ఎఫ్ 1.8. మిల్లీమీటర్లు పెరిగేకొద్దీ దూరానివి దగ్గరగా కనపడతాయి, ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ లోపలికి ఎక్కువ వెలుగు వస్తుంది. ఒకరోజు లంచ్ టైంలో ఆ 55 విప్పి 135 బిగించి నా చేతికిచ్చి "అటు చూడు" అన్నారు. ఎదురు బిల్డింగ్ మెట్ల మీద ఎవరో ఒకాయన కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఫోకస్ రింగు మెల్లగా తిప్పుతుంటే ఆ మసకలోంచి ముందు పేపరు అంచు తేలింది, తర్వాత కళ్ళజోడు, దాని తాడు, బొటనవేలికి కట్టుకున్న చిన్న బ్యాండేజి. వెనకున్న గోడ, కిటికీలు, తీగలు అన్నీ ఎటో పోయాయి. నేను చూస్తున్నానని ఆ మనిషికి తెలీదు. కెమెరా దించబుద్ధి కాలేదు నాకు. గురువుగారు నవ్వి "అయిపోయావు పో" అన్నారు.

స్క్రూ మౌంట్ ఇప్పటివాళ్ళకి తెలీదేమో. ఇప్పుడు లెన్సు పెట్టి కొంచెం తిప్పితే టక్కున కూర్చుంటుంది. అప్పుడు సీసా మూత బిగించినట్టు మర మీద మర తిప్పుకుంటూ పోవడమే. 42 మిల్లీమీటర్ల వ్యాసం, మరకీ మరకీ మధ్య ఒక మిల్లీమీటరు, అందుకే దాన్ని ఎం42 అంటారు. మొదటి మర సరిగ్గా పట్టిందా లేదా అన్నది కంటితో కాదు, వేళ్ళకి తెలియాలి. ఆయన మొహం మనవైపే పెట్టి మాట్లాడుతూనే కింద చేతులతో లెన్సు మార్చేసేవారు, మూతలు మాత్రం పెదాల మధ్య పెట్టుకునేవారు కాబట్టి ఆ కాసేపూ ఆయన మాటలు అర్థమయ్యేవి కావు. ఆ మూతలకీ ఒక కథుంది. 28, 50, 55, 105, 135 అన్నిటికీ ముందు వైపు అదే 49 మిల్లీమీటర్ల సైజు. ఒక్క మూత పోయినా ఇంకోదానిది పెట్టుకోవచ్చు, ఒక్క ఎల్లో ఫిల్టర్ కొంటే అన్నిటికీ వాడుకోవచ్చు. "చూశావా, ఇంకోటి కొంటే ఫిల్టర్ ఖర్చు కలిసొస్తుంది" అనేవారు. లెన్సు కొనడానికి ఇలాంటి లెక్కలు ఆయన దగ్గర బోలెడు.

శబ్దాలు కూడా గుర్తే. అపర్చర్ రింగు ఒక్కో స్టాప్‌కీ, అంటే వెలుగు సగానికి తగ్గే ఒక్కో మెట్టుకీ, చిన్నగా టిక్ టిక్ మనేది, చీకట్లో కూడా టిక్కులు లెక్కపెట్టుకుని ఎఫ్8 కి వెళ్ళిపోవచ్చు. రీలు తిప్పే లివరు చప్పుడు, అద్దం లేచి పడే చప్పుడు. అన్నిటికంటే రీలు అయిపోయాక రివైండ్ చేస్తుంటే చివర్లో ఫిల్ము స్పూలు నుంచి ఊడి ఒక్కసారిగా చెయ్యి తేలికైపోయేది చూడండి, అది. 36 ఫోటోలు అయిపోయాయి, ఇక కడిగించి తెచ్చేదాకా ఏమీ తెలీదు.

*

అసలు అప్పట్లో కొనడం తక్కువ, చదవడం ఎక్కువ. కంపెనీల బ్రోచర్లు చేతులు మారీ మారీ మడతల దగ్గర చిరిగిపోయి ఉండేవి. ఒక్కో లెన్సు ఫోటో కింద దాన్ని నిలువునా కోస్తే లోపల అద్దాలు ఎలా ఉంటాయో బొమ్మ ఉండేది. గురువుగారు ఆ బొమ్మలు చూసి మురిసిపోయేవారు. మీటింగుల్లో నోట్‌ప్యాడ్ మీద గీస్తూ కూర్చునేవారు, చూసేవాళ్ళేమో ఏదో సీరియస్‌గా రాసుకుంటున్నారనుకునేవాళ్ళు. టెస్సార్ అంటే నాలుగు అద్దాలు మూడు గుంపులు, వెనక రెండూ అతికించి ఉంటాయి, జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ అనే ఆయన 1902 లో చేశాడు, అంతకు ముందు 1896 లో ప్లానార్ చేసిందీ ఆయనే, మన 50 లన్నీ చాలావరకు ఆ ప్లానార్ బాపతే అని చెప్పేవారు. నాకు అందులో సగం అర్థమయ్యేది కాదు, కానీ ఆయన గీసిన గీతలు చూస్తుంటే ఆ లెన్సు లేకపోతే బతకలేం అనిపించేది.

ఇంకో లెక్క కూడా ఉండేది. 24, 28, 35, 50, 85, 105, 135, 200. ఇవి లెన్సుల మిల్లీమీటర్లు, మా అందరికీ నోటికొచ్చు. వీటిలో నీ దగ్గర ఏవి లేవో అవి గ్యాపులు. గ్యాపు ఉంటే పూడ్చాలి కదా. 50 ఉంది, 135 ఉంది, మధ్యలో ఇంత ఖాళీ పెట్టుకుని ఎలా నిద్రపోతున్నావోయ్ అని సీరియస్ మొహం పెట్టి అడిగేవారు. ఆ 85 కొన్నాక 50 కీ 28 కీ మధ్య గ్యాపు కనపడుతుంది. అన్నీ నిండాక ఒకే ఫోకల్ లెంగ్త్‌లో (అవే ఆ మిల్లీమీటర్లు) వేరే అపర్చర్లు ఉంటాయి. ఆయన దగ్గర 55 ఉండగానే 50 ఎఫ్ 1.4 కొన్నారు. ఐదు మిల్లీమీటర్ల కోసమా గురువుగారూ అంటే "వెలుగు కోసం" అన్నారు. 1.8 కీ 1.4 కీ తేడా మూడింట రెండొంతుల స్టాప్. ఒక్క స్టాప్ కూడా కాదు! ఆ సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు.

మా అదృష్టం ఏంటంటే పెంటాక్స్ వాళ్ళు 1975 లో స్క్రూ మౌంట్ వదిలేసి కే మౌంట్‌కి మారిపోయారు. జనం కొత్త కెమెరాలకి వెళ్ళిపోతుంటే వాళ్ళ పాత స్క్రూ లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో వచ్చేవి, పైగా ఇచ్చేవాళ్ళు "ఎలాగూ మాకు పనికిరావు" అంటూ ఇచ్చేవాళ్ళు. నికాన్ వాళ్ళు మాత్రం 1959 నాటి ఎఫ్ మౌంట్‌నే పట్టుకుని ఉన్నారు, అందుకని వాటి పాతవి అంత తేలిగ్గా ఎవరూ వదిలేవాళ్ళు కాదు. అప్పుడే 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ కవర్, ఆకుపచ్చ కళ్ళ అఫ్గాన్ అమ్మాయి. స్టీవ్ మెకర్రీ తీసింది. ఆ ఫోటో నికాన్ 105 ఎఫ్ 2.5 తో తీశారని తెలిసిన దగ్గర్నుంచీ మాలో అందరికీ 105 జ్వరం పట్టుకుంది. కోడాక్రోమ్ రీలు, ఆ వెలుగు, ఆ అమ్మాయి చూపు, ఇవేవీ కొనుక్కోలేం, 105 కొనుక్కోవచ్చు కదా! గురువుగారు టాకుమార్‌లో 105 ఎఫ్ 2.8 ఎక్కడో పట్టుకున్నారు, ఆ వారం ఆఫీసులో పనెవరు చేశారో నాకు గుర్తులేదు.

*

కొత్త లెన్సు రాగానే టెస్టింగ్. గోడకి పేపరు నాలుగు మూలలా అతికించి, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, పూర్తిగా తెరిచిన దగ్గర్నుంచి ఎఫ్16 దాకా ఒక్కో స్టాప్‌కీ ఒకటి. ఏ నంబరు ఫోటో ఏ అపర్చరో పుస్తకంలో రాసుకోవాలి. రీలులో మిగిలినవి పూర్తి చేసేదాకా ఆగాలి, కడిగించాలి, ప్రింట్లు వేయించాలి, ఇంతలో ఎన్ని రోజులు పోతాయో. వచ్చాక చూస్తే పోస్టుకార్డు సైజు ప్రింటులో ఎఫ్8 దగ్గర అన్ని లెన్సులూ ఒకటే. భూతద్దం పెట్టి మూలల్లో అక్షరాలు చదువుతూ "ఇది కొంచెం సాఫ్ట్ కదూ" "లేదు గురువుగారూ, పేపరే ముడతపడింది" అని వాదించుకునేవాళ్ళం. సాఫ్ట్ అంటే కాస్త మసక.

పేపరు తర్వాత మనిషి. మనిషి మీద చూడందే లెన్సు సంగతి తెలీదని ఆయన నమ్మకం. అందుకని ఆంటీని పిలిచి, కాస్త ఆ కిటికీ పక్కన కూర్చో, ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి అనేవారు. ఆవిడ చేతిలో పని చేతిలోనే పెట్టుకుని వచ్చి కూర్చునేవారు, మొహంలో చిరాకు కూడా అలాగే ఉంచుకుని. "ఇది కొత్తదా?" అనేవారు. "పాతదే" అనేవారు ఈయన. లెన్సులన్నీ నల్లగానే ఉంటాయి కాబట్టి సరిపోయింది, ప్రపంచంలో ఎన్ని కాపురాలు ఆ నలుపు వల్ల నిలబడ్డాయో.

బ్యాగుల పని అయ్యాక ఆంటీ ఒక రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. నిండా ప్రింట్లు. అన్నిట్లోనూ ఆవిడే, అదే కిటికీ. జుట్టు నల్లగా ఉన్నవి, మధ్యపాపిట దగ్గర తెల్లబడ్డవి, కళ్ళజోడు వచ్చాక తీసినవి, ఆ కళ్ళజోడు ఫ్రేమ్ మారాక తీసినవి. వెనక్కి తిప్పితే ఆయన చేతిరాత, పెన్సిల్‌తో. "135, 3.5 దగ్గర, పర్లేదు." "85, తెరిచి, బాగుంది." "50/1.4, మూలలు కొంచెం సాఫ్ట్." తేదీ లేదు, ఆవిడ పేరు లేదు. ఒకదాంట్లో భుజం మీద పసివాడు నిద్రపోతున్నాడు, ఆవిడ కూడా దాదాపు నిద్రలోనే ఉన్నారు, కిటికీ వెలుగు ఆ పిల్లాడి చెవి మీద పడి చెవి ఎర్రగా మెరుస్తోంది. వెనక "28, డిస్టార్షన్ ఉంది, మనుషులకి పనికిరాదు." అబ్బాయి ఆ ఫోటో చేతిలో పట్టుకుని ముందూ వెనకా తిప్పి తిప్పి చూశాడు. ఆ పసివాడు వాడే.

"ఆయన నన్ను తెగ ఫోటోలు తీశారని అందరూ అనుకుంటారు. నన్నెక్కడ తీశారు బాబూ, లెన్సుల్ని తీశారు" అన్నారు ఆంటీ. నవ్వుతూనే అన్నారు. ఇంకా ఏమన్నారంటే, నిజంగా ఫోటో దిగాలని తయారై కూర్చున్నవాటిల్లో ఒక్కటీ ఆవిడకి నచ్చదంట, ఇవే బాగుంటాయంట.

*

ఆ 50 ఎఫ్ 1.4 కథ ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళకి అది పచ్చబడిపోయింది. తెల్ల కాగితం మీద పెట్టి లోపలికి చూస్తే టీ డికాషన్ రంగు. ఫంగసేమో అని భయపడ్డాం, కాదు. ఆ రోజుల్లో కొన్ని లెన్సుల గాజులో థోరియం కలిపేవాళ్ళు, కాంతిని బాగా వంచుతుంది, రంగుల్ని విడదీయడం మాత్రం తక్కువ, లెన్సు చేసేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి. కానీ థోరియం రేడియోధార్మిక పదార్థం, దాని వల్ల ఏళ్ళ తరబడి ఆ గాజే రంగు మారుతుంది. "బ్లాక్ అండ్ వైట్‌కి మంచిదేలే, ఎల్లో ఫిల్టర్ ఫ్రీగా వచ్చింది, ఆకాశం కొంచెం ముదురుగా వస్తుంది" అని కొన్నాళ్ళు దాన్ని అలాగే వాడారు. తర్వాత ఎక్కడో చదివి, ఎండలో పెడితే అందులోని అతినీలలోహిత కిరణాలకి పచ్చదనం పోతుందని తెలిసి, వెనకాల అల్యూమినియం రేకు పెట్టి కిటికీ గట్టు మీద పెట్టారు. ఎండ జరిగినకొద్దీ లెన్సు జరపడం ఆంటీ డ్యూటీ అయింది. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే తెల్ల కాగితం మీద పెట్టి చూసుకోవడం. డికాషన్ రంగు పోయి లేత పసుపు, అదీ పోయి ఒక రోజు కాగితం కాగితంలా కనపడింది. మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్, "తెల్లబడిందోయ్!" నేను నిద్రమత్తులో ఎవరికి జుట్టు తెల్లబడిందో అనుకున్నా.

ఫంగస్ అయితే ఇంత మంచిది కాదు. చెమ్మ ఉండి, వెలుతురు లేని చోట, వాడకుండా పడేస్తే గాజు మీద సన్నటి దారాల్లా పాకుతుంది, కోటింగ్‌ని తినేస్తుంది, తుడిచినా ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది. తోలు కేసుల్లో పెట్టి దాచుకున్నవాళ్ళవే ఎక్కువ పోయాయి, తోలు చెమ్మని పట్టి ఉంచుతుంది కదా. ఎంత ముద్దుగా దాస్తే అంత నాశనం. వాడుతూ ఎండలో తిప్పిన లెన్సులు బానే ఉన్నాయి.

*

డిజిటల్ వచ్చాక మా పాత లెక్కలన్నీ తారుమారు అయ్యాయి. మేం కొన్న మొదటి డిజిటల్ ఎస్ఎల్ఆర్‌లలో సెన్సరు ఫిల్ము కంటే చిన్నది, అందుకని 50 పెడితే ఫిల్ము మీద 75 లా కనపడేది, 28 ఏమో 42 అయి కూర్చుంది. ఉన్నవన్నీ ఉన్నట్టే ఉన్నాయి, వైడ్ (ఎక్కువ మేర పట్టేది) మాత్రం మాయం. ఇన్నేళ్ళు కష్టపడి పూడ్చిన గ్యాపులన్నీ మళ్ళీ తెరుచుకున్నాయి. గురువుగారికి బాధ వేసిందనుకునేరు, పండగ చేసుకున్నారు.

కానీ ఒక రకంగా ఆ మజా కూడా అక్కడే తగ్గింది అంటాను నేను. స్క్రీన్ మీద వంద శాతం జూమ్ చేసి చూడటం మొదలయ్యాక ప్రతి లెన్సులోనూ ఏదో ఒక లోపం కనపడేది, ఎఫ్8 దగ్గర అన్నీ ఒకటే అనే నిశ్చింత పోయింది. పాతవాటి మీద విసుగుతో కొత్తవి కొనడం మొదలైంది. ముందు అలా కాదు, ఉన్నది బాగానే ఉండేది, అది ఉండగానే ఇంకోటి కావాలనిపించేది. రెండూ జబ్బులే, మొదటిదే నయం. నన్నడిగితే లెన్సులు కొనడం అనేది ఫోటోలు తీయడానికి చుట్టమే గానీ రెండూ ఒకటి కాదు. కొత్తది కొంటే ఫోటోలు బాగా వస్తాయని మాలో ఎవరూ నిజంగా నమ్మలేదు. కొత్త లెన్సు ఉన్న మొదటి వారం, రోజూ చూసే మెట్లు, గోడ మీద నీడ, ఇంట్లో మనుషులు, అన్నిటినీ ఇంకోసారి చూస్తాం చూడండి, దాని కోసం. ఆ వారం అయిపోయాక లెన్సు మామూలైపోతుంది. మళ్ళీ ఇంకోటి కావాలి.

ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాన్ దాదాపు జీవితమంతా 50 తోనే తీశాడు కదా అని ఎవరో ఒకసారి గురువుగారిని పట్టుకున్నారు. "ఆయన కార్టియే-బ్రెసాన్ అయ్యా, ఆయనకి ఒకటి చాలు. మనకి సాయం కావాలి" అన్నారు.

*

రిటైరైన కొన్నేళ్ళకి ఆయన కెమెరా పక్కన పెట్టేశారు. చెప్పలేదు గానీ కారణం కళ్ళు. ఆ చిన్న డిజిటల్ వ్యూఫైండర్లో చేత్తో ఫోకస్ చేయడం కుదిరేది కాదు, తీసినవన్నీ మసక. కాటరాక్ట్ ఆపరేషన్ అయ్యాక చూడటానికి వెళ్తే, కంటికి ప్లాస్టిక్ కప్పు కట్టుకుని కూడా హుషారుగా ఉన్నారు. "నా ఒరిజినల్ లెన్సు తీసేసి కొత్తది పెట్టారోయ్. ఒకటే ఎలిమెంటంట, ఫిక్స్‌డ్ ఫోకస్. కోటింగ్ ఉందా అని అడిగితే డాక్టరు నా వైపు అదోలా చూశాడు." రెండో కన్ను కూడా అయ్యాక నీలం రంగు ఇంత నీలంగా ఉంటుందని మర్చిపోయాను అనేవారు. పచ్చబడ్డ టాకుమార్ లాగే నన్నూ కొన్నాళ్ళు కిటికీలో పెట్టాల్సింది, ఈ కోతలెందుకు అని జోకు.

అప్పటికి లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చేశాయి. 2008 లో పానసోనిక్ జీ1 తో మొదలైతే, 2013 లో సోనీ ఏ7 తో ఫిల్ము సైజు సెన్సరే వచ్చేసింది. నేనొకటి తీసుకున్నా. దానికో ఎం42 అడాప్టర్ వేసుకుని ఒక సాయంత్రం ఆయన దగ్గరికి పట్టుకెళ్ళి "మీ 55 ఇవ్వండి" అన్నా. ఆయన లోపలికెళ్ళి తెచ్చి, నాకివ్వకుండా తనే బిగించారు, మూత పెదాల మధ్య పెట్టుకుని, మొహం నా వైపే ఉంచి. వేళ్ళు ఏమీ మర్చిపోలేదు. కెమెరా ఎత్తగానే ఆంటీ ఏమీ అడక్కుండానే వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నారు. ఫోకస్ పీకింగ్ ఆన్ చేసి ఇచ్చా, ఫోకస్ ఎక్కడ పడితే అక్కడ అంచులు ఎర్రగా మిలమిలలాడతాయి. ఆయన రింగు తిప్పుతున్నారు, ఆ ఎరుపు కుర్చీ వెనక నుంచి ఆంటీ చెవి మీదకొచ్చింది, చెవి మీద నుంచి కణత, కళ్ళజోడు, కంటి రెప్పలు. అక్కడ ఆపి నొక్కారు. స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకున్నారు. కళ్ళజోడు అద్దంలో కిటికీ ఊచలు లెక్కపెట్టొచ్చు.

చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆ అడాప్టర్ విప్పి చేతిలో తిప్పుతూ "ఇదెలా కుదిరింది" అన్నారు. పాత స్క్రూ కెమెరాల్లో మౌంట్ నుంచి ఫిల్ముకి 45.46 మిల్లీమీటర్ల దూరం, దీంట్లో సెన్సరుకి 18 మాత్రమే, మధ్యలో అద్దం లేదు కాబట్టి ఆ మిగిలిన ఖాళీలో అడాప్టర్ పట్టేస్తుంది అని చెప్పా.

"అయితే ఇదొక్కటే కాదన్నమాట, ఏదైనా పడుతుంది."

"చాలావరకు పడతాయి గురువుగారూ. నికాన్ ఎఫ్, కేనన్ ఎఫ్‌డీ, మినోల్టా, ఎం39..."

ఆయన అప్పటికే పెన్సిల్ కోసం వెతుకుతున్నారు. నేను చెప్పినవన్నీ కరెంటు బిల్లు వెనక రాసుకున్నారు, రాసుకుని ఒకసారి లోపలికి, ఆంటీ ఉన్న వైపు చూసి, గొంతు తగ్గించి, "ఎగ్జాక్టా కూడానా?" అన్నారు.

ఆంటీకి వినపడింది.